ముప్పై ఎనిమిది మందికి పులగం

శ్రీనివాసులు చేతులు ఎర్రగడ్డలు తరుగుతున్నాయి. ఉన్నవి నాలుగే. కత్తి ఊపందుకునేలోపే అయిపోయాయి, చెయ్యి మాత్రం ఐదోదాని కోసం బుట్టలో తడుముకుంది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ క్యాంటీన్లో బస్తాలు బస్తాలు ఉల్లిపాయలు తరిగిన చెయ్యి అది. ప్లేట్లు కడిగే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకుని, పదిహేనేళ్లలో ఎనిమిది వందల మందికి సాంబారు దించే వంటవాడయ్యాడు. లాక్‌డౌన్‌తో క్యాంటీన్‌కు తాళం పడింది. కూకట్‌పల్లిలో వాళ్లుండే రెండు గదుల ఇంట్లో కంచాలు మూడే. తనది, భార్య శారదమ్మది, కూతురు ఆమనిది.

వారం రోజులుగా పొయ్యి తనే పట్టాడు. పిడికిలితో ఉప్పు వెయ్యడం అలవాటైన చేతికి చిటికెడు అందడం లేదు. మొన్న సాంబారు ఉప్పుకశం. నిన్న భయపడి తగ్గిస్తే వట్టి చారునీళ్లు. ఇవాళ కూర ఒక ముద్ద తిని ఆమని కంచం పక్కకు జరిపింది.

"నాయనా, రేపు అమ్మను చెయ్యనీ."

శారదమ్మ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది అతనికి. మర్నాడు ఆమె కడప వైపు ఇళ్లలో చేసే పులగం వండింది, శనక్కాయల పచ్చడి నూరింది. పిల్ల మూడుసార్లు పెట్టించుకుంది. అతనూ పెట్టించుకున్నాడు. ఉదయం ఆరుకి పోయి రాత్రికి వచ్చే మనిషి, ఇన్నేళ్లు ఆమె వేడి వంట తిన్నదెప్పుడు? ఇంత బాగా వండుతుందని ఇప్పుడు తెలిసింది. తెలియకపోయినా బాగుండేదనుకున్నాడు.

మిగిలిన పులగం గిన్నెలో పెట్టి శారదమ్మ పక్క భవనంలో ఆడపిల్లల హాస్టల్ నడిపే కిరణ్మయికి ఇచ్చింది. రెండో రోజు ఆమె మాస్కు కట్టుకుని గేటు దగ్గరికొచ్చింది.

"శారదక్కా, మా వంటాయన ఊరికి పోయిండు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు బ్రెడ్డు తినలేక పరేషాన్ అయితున్నరు. గా పులగం రేపు జర చేసి పెడ్తవా?"

శ్రీనివాసులు అక్కడే ఉన్నాడు. అతనేం పని చేస్తాడో ఆమెకు తెలుసు. అయినా అతని వైపు చూడలేదు. శారదమ్మ కూడా ఈయన్ని అడగమనలేదు, సరేనంది. ఎనిమిది వందల మందికి వండినవాడు గుమ్మంలో ఉండగా, ముగ్గురికి వండేదాన్ని పిలుస్తారా?

పొద్దున గుండిగ మోసే వంకతో వెంట వెళ్లాడు. హాస్టల్లో మిగిలిన బియ్యం ఇరవై గ్లాసులే, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలీదని కిరణ్మయి చెప్పింది. శారదమ్మ అవన్నీ నానబెట్టింది. పది గ్లాసుల పెసరపప్పు వాసన వచ్చేదాకా సన్నమంట మీద వేయించింది. క్యాంటీన్లో పప్పు వేయించే తీరిక ఎవరికీ ఉండదు. అతను పప్పు రంగు చూశాడు. ఎక్కడా మాడలేదు.

తర్వాత ఆమె గ్లాసుతో నీళ్లు లెక్కపెట్టి పొయ్యసాగింది. ఇంట్లో గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసులు. ఈ లెక్కన ఎనభై. శ్రీనివాసులుకు విషయం తెలిసిపోయింది. పెద్ద గుండిగలో నీళ్లు అంతగా ఇగిరిపోవు, పులగం జావవుతుంది. ముప్పై ఎనిమిది మంది కంచాలు పక్కకు జరుపుతారు. జరపనీ. తన వంట తినకుండా కంచం జరిపినప్పుడు ఎవరు అడ్డుపడ్డారు?

నలభై. యాభై. నానిన బియ్యం గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. మంచి బియ్యం. చక్కగా నానాయి. యాభై ఐదు. వీటిని చెడగొట్టడం ఏ వంటవాడూ చూస్తూ ఊరుకోడు.

"మే, అరవైకి ఆపల్ల."

"ఎందుకు? ఇరవై ఏండ్లుగా నాలుగింతలు పోస్తాండా."

"ఇంటి గిన్నెకు సరే. ఇంత గుండిగలో నీళ్లు యాడికీ పోవు. గంజయితాది."

శారదమ్మ చెయ్యి ఆగింది. "నిన్ననే చెప్పొచ్చు గదా?"

"నన్నెవరడిగినారు?"

ఆమె గ్లాసు పక్కన పెట్టింది.

"నేనడుగుతాండా. రాయ్యా, వచ్చి మంట చూడు."

అతను మంట చూశాడు. ఉడుకు రాగానే తగ్గించి, మూత మీద నీళ్ల చెంబు బరువుగా పెట్టాడు. ఉప్పు మాత్రం ముట్టుకోలేదు, నీ చెయ్యే వెయ్యమన్నాడు. ఆమె వేసి, రుచి చూసి, ఇంకొంచెం వేసింది. ఎంత వేసిందో కళ్లతో కొలుచుకున్నాడు.

మూత తీస్తే మెతుకు మెత్తగా ఉంది, ముద్ద కాలేదు. ఇద్దరూ చెరో చెవి పట్టుకుని గుండిగను భోజనాల గది గుమ్మంలో దించారు. అమ్మాయిలు అప్పటికే దూరం దూరంగా వరసలో నిలబడ్డారు. కిరణ్మయి ఆవిరి పీల్చింది.

"నీ చేతిల ఏముందో గని శారదక్కా, వాసనకే కడుపు నిండింది."

అతనికి మళ్లీ గుచ్చుకుంది. శారదమ్మ నీళ్ల సంగతి చెప్పబోయింది. శ్రీనివాసులు ఆమెకంటే ముందే గరిటె తీసి, కిరణ్మయి చేతికిచ్చాడు.

"అడుగు నుంచి తిప్పి పెట్టండి. పైపైన తోడొద్దు."