శ్రీకాకుళం పలకకపోతే వదిలెయ్

ఇన్నేళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పశ్చాత్తాపం సంగతి తర్వాత, ముందు విసుగు సంగతి చెప్పనివ్వండి. మోసి మోసి విసుగెత్తిపోయాను. ఒక్కరైనా నన్ను అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. ఎవరూ చూడలేదు. పైగా నేను చాలా జాగ్రత్తపరురాలినని పేరు.

నా పేరు వద్దు. రెండువేల పద్దెనిమిది ప్రాంతంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసేదాన్ని. ఆ ట్రస్టుకి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి, విజయనగరంలో ఒకటి ఉండేవి. నేను విజయనగరంలో. రోగుల పాత రిపోర్టులు వెతకడానికి ఒక్కోచోట మూడేసి కంప్యూటర్లు జట్టుగా పనిచేసేవి. ఆ జట్టుని క్లస్టర్ అంటాం. ఇక్కడి క్లస్టర్‌ని అక్కడిదానికి కలిపింది నేనే. విజయనగరం కౌంటర్లో పేరు కొడితే శ్రీకాకుళం రిపోర్టులు కూడా వచ్చేవి. ఆ సంబరంలో వరండాలో నిలబడి రోగులకి నేనే చెప్పాను, ఇకమీదట కాగితాలు మోసుకురానక్కర్లేదని. నమ్మారు. నమ్మరా మరి?

గొడవంతా రెండు ఊళ్ళనీ కలిపే లైనుతో వచ్చింది. రణస్థలం దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ పొక్లెయిన్ వాళ్ళు రోజు విడిచి రోజు కేబుల్ తెంపేవారు. శ్రీకాకుళం అందకపోతే మా దగ్గర వెతుకులాట మొత్తం ఆగిపోయి తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చేవి. మా సొంత రోగుల రిపోర్టులు కూడా కనబడేవి కావు. కౌంటర్ ముందు అరుపులు, ఆ వెంటనే నాకు ఫోను. అన్నం తింటుంటే ఫోను. పిల్లకి జడ వేస్తుంటే ఫోను. ఒకరోజు సెలవు పెట్టి మా అత్తగారిని శ్రీకూర్మం తీసుకెళ్తే, దర్శనం అయ్యేలోపు ఏడు ఫోన్లు. కేబుల్ తెంపింది నేనా? ఎవరితో చెప్పుకోను?

తిరిగొచ్చి సెట్టింగుల్లో ఒక్క వరస మార్చాను. అవతలి క్లస్టర్ పలకకపోతే దాన్ని వదిలేసి, దొరికినంతవరకు చూపించమని. తప్పుడు సెట్టింగేమీ కాదది. యంత్రం దాచదు కూడా; ఎన్ని క్లస్టర్లని అడిగిందో, ఎన్నింటిని వదిలేసిందో జవాబుతోపాటే చెబుతుంది. ఆ సంగతి కౌంటర్ తెరమీద కనబడేలా చెయ్యాల్సింది నేను. ఎందుకు చెయ్యలేదు? తెరమీద కొత్త మాట ఏది కనబడినా మళ్ళీ నాకే ఫోను చేస్తారని. అంతకంటే మర్యాదైన కారణం కోసం చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు. ఫోన్లు ఆగాయి. సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు. నాలుగు నెలలు హాయిగా అన్నం తిన్నాను.

అప్పుడు వచ్చాడు అప్పన్న. కోటబొమ్మాళి అవతల పల్లెలో రైతు, అరవై దాటినవాడు. విజయనగరంలో కూతురింటికి వచ్చి, మోకాళ్ళ నొప్పులని మా ఆసుపత్రిలో చూపించుకున్నాడు. శ్రీకాకుళంలో ఏవో పరీక్షలు చేశారని, అన్నీ కంప్యూటర్లో ఉంటాయని చెప్పాడట. ఆ రోజు కేబుల్ తెగి ఉంది. కౌంటర్లో ఉండే సుశీలక్క వెతికింది. ఏమీ లేదని వచ్చింది. పాత రిపోర్టులు లేవని చీటీ మీద రాసి పంపింది. డాక్టరు నెలకి సరిపడా నొప్పి మాత్రలు రాశారు. శ్రీకాకుళం రిపోర్టులో కిడ్నీలు దెబ్బతింటున్నాయని, నొప్పి మాత్రలు ఇవ్వకూడదని స్పష్టంగా ఉంది. నెల తిరక్కుండా ఒళ్ళంతా వాచి వచ్చాడు. ఆ తర్వాత బతికిన ఏడాదిన్నరా వారానికి రెండుసార్లు డయాలసిస్ మంచం మీద పడుకున్నాడు.

ఎలాగూ ఆ స్థితి వచ్చేదేనని ఒక డాక్టరు అన్నారు. ఆ మాటని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో చెప్పలేను. ఎలాగూ అంటే ఎప్పటికి? ఆర్నెల్లకా, పదేళ్ళకా? అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం.

రిపోర్టు ఉండగా లేదని ఎందుకు రాశారని ఆసుపత్రిలో విచారణ పెట్టారు. ఆ రోజు పొద్దున్నే లాగ్ తెరిచాను. జరిగినదంతా యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా అది. సుశీలక్క కౌంటర్ నుంచి అప్పన్న పేరు రెండుసార్లు వచ్చి ఉంది, నాలుగు నిమిషాల తేడాలో. రెండుసార్లూ యంత్రం శ్రీకాకుళాన్ని వదిలేసింది, నేను చెప్పినట్టే. చూసి మూసేశాను.

మెట్ల దగ్గర సుశీలక్క నా చెయ్యి పట్టుకుంది. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో ఉండేది. నేను చేరకముందు నుంచీ ఆ కౌంటర్ ఆమెదే.

"పిల్లా, నానెతికినాను. ఒక మాటు కాదు, రెండు మాట్లు. లేదనే సూపించినాది. నీ మిసన్లో ఏటైనా తేడా ఉన్నాదేటో సూడు."

"చూశానక్కా. ఏ తేడా లేదు."

"మరి నా మీదకెందుకొస్తన్నాది? అక్క ఎతికిందని నువ్వొక్క మాట సెప్పు. నీ మాటైతే నమ్ముతారు."

"చెప్తానక్కా."

లోపల సూపరింటెండెంటుగారు యంత్రం తప్పా, మనిషి తప్పా అని అడిగారు. యంత్రంలో తప్పేమీ లేదన్నాను. చూడండి, అక్కడ కూడా నాకు వాడుకోడానికి ఒక నిజం దొరికింది. అక్కడితో ఆగినా కొంత నయం. ఆగలేదు. రద్దీలో వెతక్కుండానే లేదని రాసేసి ఉంటారని అన్నాను. ఆయన తల ఊపారు. నా మాట నమ్ముతారని సుశీలక్క సరిగ్గానే చెప్పింది.

నేనన్న మాటే ఆమెకి చెప్పి, కౌంటర్ నుంచి తీసి దుప్పట్ల గదికి మార్చారు. ఆ సాయంత్రమే కౌంటర్ తెరమీద ఆ మాట వచ్చేలా చేశాను, శ్రీకాకుళం రిపోర్టులు ప్రస్తుతం అందడం లేదని. అరగంట పట్టింది. అరగంట! లాగ్‌లు అరవై రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి. నేను చెరపలేదు. ఊరుకుని ఎదురుచూశాను. చెరపడం కంటే అదేమైనా మెరుగా?

మొన్న బజార్లో సుశీలక్క కనబడింది. రిటైరైపోయింది. నా చేతిలో సంచీ చూసి కూరల ధరలు అడిగింది, మా పిల్ల చదువు అడిగింది. తర్వాత తనే అప్పన్న మాట ఎత్తింది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఆ రోజు వెతికినట్టు గుర్తు రావట్లేదట. నీలాంటి చదువుకున్న పిల్ల ఊరికే అనదు కదా, నేనే వెతక్కుండా రాసేశానేమో అంది. ప్రతి ఆదివారం చర్చిలో ఆ ముసలాయన పేరు చెప్పి క్షమించమని వేడుకుంటోందట.

ఉద్యోగం పోతుందన్న భయం ఇప్పుడు లేదు. ఆ ఆసుపత్రి వదిలేసి చాలా కాలమైంది. అయినా ఆటో కోసం చెయ్యెత్తాను. ఆమెని ఆటో ఎక్కించి, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి వచ్చాను. నా మీద నాకు వచ్చిన చిరాకు ఇంతా అంతా కాదు. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

సుశీలక్క వెతికింది. రెండుసార్లు వెతికింది. ఆమెకే గుర్తు లేకుండా పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇప్పుడు మీకూ తెలుసు.