పప్పు నీళ్ల బావి

నా చిన్నప్పుడు, రాసుకుంటున్నావా బిడ్డా, మా ఊళ్లో పప్పు ఉడకాలంటే చర్చి వెనక మిట్టమీది బావి నీళ్లే పొయ్యాలి అనేవాళ్లు. ఆ మాట పుట్టించింది మా అమ్మమ్మ.

భద్రాచలం అడవి అంచున మా ఊరు. అప్పుడే కొత్తగా వాటర్ ట్యాంకు కట్టారు. వాగు ఒడ్డున మోటరు, అక్కణ్ణుంచి ట్యాంకుకు ఒకే ఒక్క పైపు. నల్లా తిప్పితే నీళ్లు వస్తుంటే ఊరంతా మురిసిపోయి, ఇంక బావెందుకు, మన్ను పోసి పూడ్చేద్దాం అన్నారు. అమ్మమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అప్పుడు పప్పు సంగతి ఎత్తుకుంది. ట్యాంకు నీళ్లకు కందిపప్పు ఉడకట్లేదని ఇంటింటికీ పోయి వాపోయింది. కొన్నాళ్లకే ఆడవాళ్లంతా "అవ్, మా ఇంట్ల గూడ ఉడకట్లే" అనడం మొదలుపెట్టారు. పప్పు వండే రోజు బిందె పట్టుకుని బావికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? గిలకకు నూనె పెట్టారు, చివికిన తాడు మార్చారు, రాలిన ఆకులు తీశారు. మగవాళ్లు పూడ్చే మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు అమ్మమ్మే నల్లా నీళ్లతో పప్పు పెట్టడం నా కంటపడింది. వెన్నలాగా ఉడికింది!

"అమ్మమ్మా, గిదేంది, ఉడికిందిగా!"

"ఉష్! పప్పు ఏ నీళ్లల్లనైనా ఉడుకుద్ది. రేపు పైపు తెగితే ఏం తాగుతం? మనిషి పోని బావిల చెత్త పోస్తరే పిల్లా. నోరు మూస్కొని తిను."

ఆ వానాకాలం వాగు పొంగి మోటరునూ పైపునూ ఊడ్చుకుపోయింది. రోడ్డు కూడా తెగడంతో బయటి నుంచి నీళ్ల బండి రాలేదు. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, గొంతులో పోసుకోవడానికి చుక్క లేదు. ఊరంతా బిందెలతో బావి దగ్గరికి వచ్చింది. తాడు గట్టిగా ఉంది, గిలక చప్పుడు లేకుండా తిరిగింది, నీళ్లు తేటగా పైకొచ్చాయి.

పక్కింటి అత్త ఊరుకోలేదు. "ఏంది పెద్దమ్మా, ఇయ్యాల అందరిండ్లల్ల పప్పేనా?"

"పప్పో పాయసమో, ముందు చంటిపిల్లల తల్లులను తోడుకోనియ్యిన్రి!" అంటూ అమ్మమ్మ తాడు అందుకుంది.

నల్లాలు మళ్లీ వచ్చేదాకా ఆ బావే మమ్మల్ని బతికించింది. ఆమె ఆ గొప్ప ఎక్కడా చెప్పుకోలేదు, పప్పు మాట వెనక్కి తీసుకోనూ లేదు. పోయేముందు ఆ మాటను నాకు అప్పగించింది, అంతే.

ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. అయినా మీ అమ్మ పప్పుకు ఆ బావి నీళ్లే తెస్తుంది కదా, నేను చెప్పాననే. రాస్తే రాశావుగానీ, దానికి మాత్రం ఇది చదివి వినిపించకు.