గోడ మీది అర్జియా

మోంతెస్పీనోలో పెళ్ళిగౌన్లు కుట్టే ఇల్దె, ముప్పై రెండేళ్ళ వయసులో చేసిన ఒక పనికి తర్వాత బతికినన్నాళ్ళూ బాధపడింది. పెద్ద నేరమేమీ కాదు. తల్లి సొరుగులోంచి అరచేతిలో ఇమిడే ఫొటో ఒకటి తీసి, చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చింది.

ఆ ఫొటో ఆమె అక్క అర్జియాది. యుద్ధం రోజుల్లో ఊరి పండగకు వచ్చిన ఫొటోలవాడు తీసింది. అప్పటికి అర్జియాకు ఇరవై ఏళ్ళు. కదలకుండా నిలబడమని అతను అన్న కొద్దీ ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. చివరకు నోరంతా తెరిచి నవ్వుతున్నప్పుడే పడింది ఫొటో. పై వరసలో ఒక పన్ను మీదికి ఇంకో పన్ను ఎక్కి ఉండడం కూడా అందులో కనిపించేది. "డబ్బులు తగలేశావు కదే! ఒక్క నిమిషం మూతి బిగించుకోలేకపోయావా?" అని తల్లి వెనెరాందా తిట్టింది.

రెండేళ్ళు తిరక్కుండానే, ఒక ఫిబ్రవరి ఉదయం విమానాలు వచ్చి ఆ కొండ ఊరి మీద బాంబులు కురిపించాయి. అర్జియా అప్పుడు ఊరందరూ బట్టలు ఉతుక్కునే తొట్ల దగ్గర దుప్పట్లు పిండుతోంది. తండ్రి అంతకు ముందే పోయాడు. ఇంట్లో వెనెరాందా, పద్నాలుగేళ్ళ ఇల్దె మిగిలారు. అర్జియా గుర్తుగా ఆ ఒక్క ఫొటో మిగిలింది.

పోయినవాళ్ళ ముఖాన్ని పింగాణీ బిళ్ళ మీద దింపించి సమాధి రాయికి అతికించడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు తిండికే గతి లేదు, ఇక బిళ్ళెక్కడిది? "వచ్చే ఏడు చూద్దాం" అంటూనే పద్దెనిమిదేళ్ళు గడిచాయి. వెనెరాందా ఫొటోను ప్రార్థన పుస్తకంలో దాచి, కూతురు పోయిన తేదీన మాత్రం బయటికి తీసేది. రోజూ చూస్తే ముఖం అరిగిపోతుందని ఆమె భయం.

ద్రాక్ష కోతలు ముగిసిన ఒక శరత్కాలంలో రోమ్ నుంచి సినిమావాళ్ళు వచ్చి, ఊరి పైనున్న పాత భవంతిని అద్దెకు తీసుకున్నారు. దయ్యాల సినిమా అట. పాతకాలపు గౌన్లు చాలా ఉన్నాయి, చిరుగులు కుట్టడానికి సూదిపని తెలిసిన చేతులు కావాలన్నారు. ఇల్దె వెళ్ళింది.

పట్టపగలే కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి లోపల రాత్రి చేసేవాళ్ళు. రక్తం కావలసి వస్తే చాక్లెట్ పాకం పోసేవాళ్ళు. చచ్చి పడి ఉన్న ముసలి నటుడు మూతికి అంటిన రక్తాన్ని నాలుకతో నాకుతూ, "ఇవాళ చక్కెర తక్కువైందిరా" అనేవాడు. కథ ముందు చివర తీసి, తర్వాత మొదలు తీస్తుండడంతో ఎవరు ఎందుకు చస్తున్నారో ఇల్దెకు అంతుపట్టలేదు. వానలో వంతెన కొట్టుకుపోయి, ఒకరికొకరు తెలియని ఏడుగురు ఆ ఇంట్లో చిక్కుకుంటారని మాత్రం తెలిసింది. నూరేళ్ళ కిందట పోయిన ఇంటి యజమానురాలి బొమ్మ ఒకటి గోడకు వేలాడాలి. ఆ బొమ్మ వేయడానికి వచ్చినవాడు ఫుల్వియో.

అతనికి నలభై దాటాయి. గోళ్ళ సందుల్లో రంగు, మాటల్లో మెత్తదనం. మొదటి రోజే ఆమె పేరు అడిగాడు. అంతమంది పనివాళ్ళలో అలా అడిగినవాడు అతనొక్కడే. నాలుగో రోజు ఆమె పట్టుగౌనుకు అంచు కుడుతుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఈ కనుబొమలు మీ ఇంట్లో అందరివీనా, మీ ఒక్కరివేనా?"

ఇల్దె తల ఎత్తలేదు. "మా అక్కవి ఇంకా బాగుండేవి."

"ఉండేవా?"

"పోయింది. యుద్ధంలో."

"ఫొటో ఉందా?"

"ఉంది కానీ, అమ్మ ఇవ్వదు."

"ఒక్క వారం చాలు. ఈ ఇంటి దొరసానిని చేస్తాను మీ అక్కని. నువ్వు కుట్టే ఈ పట్టుగౌనే వేస్తాను ఒంటి మీద. నిలువెత్తు బొమ్మ."

'మీరు' అన్నవాడు ఆ మాటతో 'నువ్వు'లోకి దిగాడు. ఇల్దెకు అది బాగుంది. అర్జియా జన్మలో పట్టు ఒంటికి తాకించి ఎరగదు. పోయిననాడు ఒంటి మీద ఉన్నది కూడా అమ్మ పాత నూలు గౌనే. అక్కకు మంచి చేస్తున్నానని అనుకుంది ఇల్దె. అతను తన ఎదుట మళ్ళీ అలా పీట వేసుకు కూర్చోవాలన్న కోరిక కూడా అందులో ఉందని ఒప్పుకోవడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. మర్నాడు తల్లి రొట్టెకని వెళ్ళిన వేళ సొరుగు తెరిచింది.

బొమ్మ పూర్తయ్యాక ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. కళ్ళు అర్జియావే, కనుబొమలూ అర్జియావే. మెడ మాత్రం కాస్త పొడుగు. నోరు మూసి ఉంది.

"నవ్వు తీసేశావేం?"

"దయ్యం నవ్వుతుందా ఎక్కడైనా?" అన్నాడు ఫుల్వియో, బ్రష్షు తుడుచుకుంటూ.

అప్పుడు గాని తెలియలేదు ఆమెకు, అక్కను దేనికి ఇచ్చిందో.

ఫొటో అడిగితే రేపన్నాడు. మర్నాడూ రేపే అన్నాడు. ఒక సోమవారం వెళ్ళేసరికి నల్లగుడ్డలు విప్పేశారు, లారీలు కొండ దిగిపోయాయి. ఇల్దె బస్సెక్కి రోమ్ వెళ్ళి, ముగ్గురిని అడిగి స్టూడియో పట్టుకుంది. ఫుల్వియో ఇంకో సినిమాకు గుడి ద్వారం వేస్తున్నాడు. ఆమెను చూసి నిజంగానే సంతోషించాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

"ఫొటోనా? పెద్దది చేయాలంటే దాని మీద గళ్ళు గీయాలి కదా! గీసి, అట్ట మీద అంటించాను. ఆ అట్ట... ఇక్కడే ఎక్కడో..." రెండు బల్లల కింద వెతికాడు. అట్ట దొరకలేదు.

"పోనీ ఆ బొమ్మయినా ఇవ్వు."

"బొమ్మా? కాల్చేశాం కదమ్మా! సినిమా చివర అదే కదా. ఏం మండిందనుకున్నావ్!" అన్నవాడు ఆమె ముఖం చూసి తగ్గాడు. సొరుగులోంచి సినిమావాళ్ళు తీయించిన బొమ్మ ఫొటో ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "ఇది తీసుకుపో. అసలుదాని కంటే బాగుంటుంది."

ఇల్దె అది తీసుకుంది. ఇంటికి వచ్చి, పట్టుగౌను కనిపించకుండా ముఖం వరకు కత్తిరించి, ప్రార్థన పుస్తకంలో పాత చోటే పెట్టింది. తల్లికి అప్పటికే కళ్ళల్లో పొర. తెలియదులే అనుకుంది.

ఫిబ్రవరి వచ్చింది. వెనెరాందా పుస్తకం తెరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చాలాసేపు చూసింది. ముద్దు పెట్టుకుంది. మూసి సొరుగులో పెట్టి, చిక్కుడు గింజలు నానబోయడానికి వెళ్ళిపోయింది. ఇల్దెకు ఊపిరి వచ్చినట్టయింది.

ఈస్టర్ వెళ్ళాక సినిమా ఊరికి వచ్చింది. విశ్వాసులు చూడదగిన సినిమా కాదని చర్చి తలుపు మీద కాగితం అంటించారు. ఇల్దె ఆ కాగితం మీదే నమ్మకం పెట్టుకుంది. తల్లి ఆదివారం పూజ తప్పిన మనిషి కాదు. కానీ పక్కింటి పల్మీరా నోటికి కాగితం అంటించేవాళ్ళు లేకపోయారు.

"వెనెరాందక్కా, సినిమా హాలు గోడ మీద, పోస్టరులో, మీ అర్జియా ఉందే! దేవుడి తోడు! ఆ కళ్ళు నేనెరగనా? పద, చూద్దువుగాని."

"పిన్నీ, నీకేమైనా మతి పోయిందా? అది ఎవరో దయ్యం" అంది ఇల్దె.

"దయ్యమైతే నీ ముఖంలో నెత్తురు లేదెందుకే?" అంది పల్మీరా.

వెనెరాందా శాలువా కప్పుకుంది. "తప్పయితే తర్వాత చర్చిలో చెప్పుకుంటాను" అని బయల్దేరింది.

ఆదివారం మధ్యాహ్నపు ఆట. సగం ఊరు అక్కడే ఉంది, తమ భవంతిని తెర మీద చూసుకోవడానికి. తల్లి, పల్మీరా ముందు వరసలో కూర్చున్నారు. ఇల్దె లోపలికి పోలేక వెనక గోడకు ఆనుకుని నిలబడింది. మెరుపు మెరిసి మొదటిసారి గోడ మీది బొమ్మ కనిపించినప్పుడు ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. రెండోసారికి అలవాటు పడ్డారు. మూడోసారి బొమ్మ కళ్ళ నుంచి నల్లగా రక్తం కారుతుంటే, బండి చక్రాలు బాగుచేసే బెర్తో లేచి, "ఓ గోడ మీది వదినా, మా అత్తని కూడా తీసుకుపోవే, పుణ్యముంటుంది!" అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది.

నవ్వులు అణిగేదాకా ఆగి, వెనెరాందా లేచి వెనక్కి తిరిగింది.

"బెర్తో, అది మా అర్జియారా. మీ అమ్మ మంచాన పడ్డప్పుడు నీ గుడ్డలు ఉతికింది అదే."

ఆ మాట తర్వాత హాల్లో తెర మీది వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. వెనెరాందా మళ్ళీ కూర్చుంది, ఆఖరుదాకా కదల్లేదు. ఆ ఏడుగురిలో ప్రాణాలతో మిగిలిన ఇద్దరూ బొమ్మకు నిప్పంటించారు. మంట అంచు నుంచి మెడ దాకా, మెడ నుంచి ముఖం దాకా పాకింది. దయ్యం పీడ విరగడైందని వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ముందు జరిగింది మరిచి చాలామంది కలిశారు. బెర్తో మాత్రం తల దించుకుని కూర్చున్నాడు.

ఆట అయ్యాక తల్లీకూతుళ్ళు ఇంటికి నడిచారు. తల్లి తలుపు తీసి, శాలువా మడిచి, అప్పుడు అంది:

"ఫిబ్రవరిలోనే తెలిసింది నాకు."

ఇల్దె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కళ్ళు మసకైతే మాత్రం, దాని పన్ను కనబడకపోతే తెలియదా? నువ్వే చెబుతావని చూశాను. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. పల్మీరా చెప్పాల్సి వచ్చింది."

"అమ్మా, అక్కకి పట్టుగౌను వేస్తానన్నాడు..."

"వేశాడు" అంది వెనెరాందా. "చూశాను."

తిట్టి ఉంటే బాగుండునని ఇల్దె ఆ రాత్రే కాదు, తర్వాత ఎన్నో రాత్రులు అనుకుంది. తల్లి ఎప్పుడూ తిట్టలేదు. ఆ వేసవిలో కత్తిరించిన ఆ ముఖాన్నే ఇల్దె చేతికిచ్చి, బిళ్ళ చేయించమంది.

"ఇది అక్క కాదు కదమ్మా."

"ఇంకేముంది మన దగ్గర?"

బిళ్ళ చేయించారు. సమాధి రాయి మీద అర్జియా పేరు కింద నోరు మూసుకున్న దొరసాని ముఖం ఎక్కింది. వెనెరాందా ప్రతి ఆదివారం వెళ్ళి దాన్ని శాలువా అంచుతో తుడిచి ముద్దు పెట్టుకునేది. మొదట్లో, "మెడ ఇంత పొడుగు కాదు దానిది" అనేది. కొన్నేళ్ళకు అనడం మానేసింది. ఇంకా కొన్నేళ్ళకు, "మా పెద్దది ఎంత గంభీరంగా ఉండేదో! నోరెత్తేది కాదు" అని కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగుకు చెప్పసాగింది. పక్కనే కూర్చుని కుట్టుకుంటున్న ఇల్దె సూది ఆగిపోయేది. కాదమ్మా, అక్క ఊరుకునేదే కాదు, అందామనుకునేది. కానీ గట్టిగా కళ్ళు మూసుకున్నా తనకూ ఆ బొమ్మే కనిపించేది. పన్ను ఎడమ వైపా, కుడి వైపా? గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళ మనిషిని పద్నాలుగేళ్ళప్పుడు చూసిన కళ్ళు తనవి. రోజూ కళ్ళ ముందున్న మనిషిని పరీక్షగా చూసుకుంటామా?

సినిమా తీసిన పన్నెండేళ్ళకు వెనెరాందా పోయింది. పెద్దకూతురి పక్కనే చోటిచ్చారు. ఇల్దె పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేకపోలేదు. ఒక మేస్త్రీ రెండేళ్ళు తిరిగాడు. అతను మంచివాడే. కానీ ఎవరైనా మెత్తగా మాట్లాడితే ఆమెకు సొరుగు తెరిచిన చప్పుడు వినిపించేది.

అరవై దగ్గర పడ్డ ఏడు, మే నెలలో, సమాధుల దగ్గర పువ్వులు మారుస్తుంటే ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వరసలన్నీ చదువుకుంటూ వచ్చాడు. అర్జియా పేరు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఈ రాయి మీద పేరు సరిగ్గానే ఉందా?"

"సరిగ్గానే ఉంది. మా అక్క."

"ఇల్దెవా నువ్వు? చిన్నపిల్లవి, పాల క్యాను మోసేదానివి." ఆయన పేరు సబాతినో. యుద్ధం అయ్యాక బెల్జియం బొగ్గు గనుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాడు. అంతకు ముందు, యుద్ధం రోజుల్లో, అర్జియాను పెళ్ళికి అడుగుదామనుకున్నాడట. అడిగేలోపే ఆ ఫిబ్రవరి ఉదయం వచ్చింది. ఇదంతా చెప్పి, వేలితో బిళ్ళ చూపించాడు.

"మరి ఈవిడెవరు?"

ఇల్దె గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఫుల్వియో పీట వేసుకుని కూర్చున్న సంగతితో సహా. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది.

"మార్చెయ్యలేకపోయావా?" అన్నాడు చివరకు.

"పీకుదామని ఒకసారి స్క్రూడ్రైవర్ తెచ్చాను. అమ్మ అన్నేళ్ళు ముద్దు పెట్టుకున్న ముఖం. చేతులు రాలేదు." తర్వాత తనే అడిగింది, "మీకు గుర్తుందా, ఎలా ఉండేదో?"

"ఎందుకు గుర్తుండదు? ఆ పన్ను సందులోంచి ఈల వేసేది. తొట్ల దగ్గర ఆమె ఈల వేస్తే పైన ద్రాక్షతోటల్లో మాకు వినబడేది. మీ అమ్మ చెప్పు తీసేది."

"ఎడమ వైపా, కుడి వైపా, ఆ పన్ను?"

ఆయన తన నోరు తడుముకున్నాడు, అటు ఒకసారి, ఇటు ఒకసారి. "ఎడమ" అన్నాడు. మళ్ళీ ఆలోచించి, "ఎడమే" అన్నాడు.

ఈల సంగతి ఇల్దెకు ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అయినా తలూపింది. పువ్వులకు నీళ్ళు పోసి, ఆయనకు చెయ్యి ఆసరా ఇచ్చి, బస్సు ఆగే చోటిదాకా నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళింది.