కరకట్ట మీద గీయని బాణం

పోయిన వారం మా అక్క వచ్చి, బావ కళ్లజోడు నా చేతిలో పెట్టింది. "ఆయన వస్తువులన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేశాన్రా. ఇది కూడా ఎవరైనా లేనివాళ్లకి ఇప్పించు" అంది. బావ పోయి మూడు నెలలు. మా వీధి చివర కళ్లద్దాల షాపతను దాన్ని మిషన్లో పెట్టి చూసి, "దీనికి పవరేం లేదండీ, ఉత్త అద్దాలు. ఎవరికిస్తారు?" అని తిరిగిచ్చాడు. ఆరేళ్లు బావ ముఖాన ఉన్న కళ్లజోడది. అక్కడికి ఎలా చేరిందో చెప్పాల్సినవాణ్ణి నేనే.

బావకి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. ఇనుములో వెంట్రుకవాసి తేడా ఉన్నా కంటితోనే పట్టేసేవాడు. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. అన్నం తినేటప్పుడైనా తియ్యడని అక్క గొణిగేది. ఇచ్ఛాపురం నుంచి సముద్రం పక్కనే దిగి, చివర్లో కృష్ణ కరకట్ట మీదుగా విజయవాడ దాకా సైకిళ్ల మీద రావాలన్న ఆలోచన ఆయనదే. తోడు నేను. ఒకటే నియమం: ముందు పోయేవాడు దారి చీలిన ప్రతిచోటా సుద్దతో బాణం గీయాలి, వెనకవాడు అది చూసుకుని రావాలి. ఏ ఊళ్లో ఆగినా జనం ఆయన చుట్టూనే చేరేవాళ్లు. భీమిలిలో ఒకాయన "పెట్రోలు రేటు పెరిగిందనాండీ ఈ సైకిళ్లు?" అంటే, "లేదండీ, మా బావమరిదికి పొట్ట పెరిగింది" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. పద్దెనిమిది రోజులు అలా నవ్వుతూనే వచ్చాను.

చివరి రోజు అవనిగడ్డలో తెల్లవారకముందే బయల్దేరాం. మధ్యలో ఇడ్లీలు తింటూ, "ఇవాళ బ్యారేజీ దాకా ముందు నేనే" అన్నాను. అక్కడ మావాళ్లంతా దండలతో ఎదురుచూస్తున్నారు. "పోరా, ఎవరొద్దన్నారు? దండ వేయించుకునే ముందు అది ఎవరికి తెచ్చారో అడుగు" అన్నాడు బావ. హోటలాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కరకట్ట మీద చాలా దూరం నాతో వచ్చింది.

తోట్లవల్లూరు దాటాక ఒకచోట కట్ట తవ్వేసి ఉంది. దారి రెండుగా చీలి, ఒకటి ఊళ్లోకి, ఇంకొకటి ఏటి లంకలోని అరటితోటల్లోకి దిగుతోంది. బోర్డు లేదు. ఒక రైతును అడిగి ఊరి దారేనని తెలుసుకున్నాను. సుద్ద తీసి వంగాను. వెనక్కి చూస్తే బావ ఎర్రటోపీ చుక్కలా కనిపించింది. ఒక్క అరగంట ఆ బ్యారేజీ మీద నేనొక్కణ్ణే ఉండాలనిపించింది. సుద్ద జేబులో వేసుకున్నాను. చార్జింగ్‌కని ఇచ్చిన ఆయన ఫోను కూడా నా సంచిలోనే ఉందని నాకు తెలుసు.

దండ పడింది, ఫోటో తీశారు. "బావగారేరీ?" అంటే "వస్తున్నారు" అన్నాను. మధ్యాహ్నం దాకా అదే మాట అన్నాను. సాయంత్రానికి అరటితోట కూలీలు ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. ఎండదెబ్బ, దానితోపాటు పక్షవాతం. వాళ్లలో ఒకామె నాతో, "చీలిక దగ్గర శానాసేపు వంగి నేలంతా ఎతికారండీ" అంది. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో అక్క "గుర్తు వేశావా?" అని అడిగితే, "వేశానక్కా" అన్నాను. మంచం మీద నుంచి బావ ముద్దముద్దగా, "వేసే ఉంటాడే. నేనే చూసుకోలా" అన్నాడు.

కుడిచెయ్యి మళ్లీ లేత్ తిప్పలేదు. షాపు మూతపడింది. చూపు ఆనకే ఇదంతా అని అక్క పోరితే, కర్ర పట్టుకుని ఒక్కడే వెళ్లి ఈ కళ్లజోడు పెట్టుకొచ్చాడు. ఇంట్లో అందరూ ఆయన్ని గుడ్డి మేస్త్రీ అని ఏడిపించేవాళ్లు. నేను వెళ్లినప్పుడల్లా ఎడమచేత్తో అద్దాలు తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు బాగా ఆనుతున్నావురా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను మాత్రం ఏదో పనుందని లేచి వచ్చేసేవాణ్ణి.

అక్కా, బావ చూపులో ఏ లోపమూ లేదు. అక్కడ బాణమే లేదు. రేపు ఈ కాగితం, కళ్లజోడు నేనే తెచ్చిస్తాను. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం. ఇచ్ఛాపురం నుంచి గీసిన బాణాలన్నీ ఆ ఏటి వానలకే పోయుంటాయి. గీయని ఆ ఒక్కటీ ఆరు వానాకాలాలు దాటి, ఇవాళ్టికీ అక్కడే ఉంది.