వదిన బొటనవేలు

పోయిన నెల రేషన్ షాపులో మా వదిన వేలిముద్ర పడలేదు. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టినా ఆ మిషను ఒప్పుకోలేదు. "ఏందమ్మా, నీ యేళ్ళ మీద గీతలే లేవే," అన్నాడట డీలరు. ముప్ఫై ఏళ్ళుగా బ్లీచింగు క్రీములూ, మైదాకూ, హెయిర్ డైలూ కలిపిన చేతులు మరి, అరక్క ఏమవుతాయి. మా ఆయన ఇంటికొచ్చి జాలిగా ఈ సంగతి చెబుతుంటే తల ఊపుతూ విన్నాను. ఆయన స్నానానికి పోగానే బీరువా మీది అట్టపెట్టె దింపి, అడుగునున్న పొడవాటి లెక్కల పుస్తకం తీశాను. నవ్వొచ్చింది. పాపం అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను, అనిపించలేదు.

వదిన మా ఆయనకు అక్క. తొంభైల్లో మదనపల్లెలో బ్యూటీ పార్లరు పెట్టిన కొద్దిమందిలో ఆమె ఒకతె. నాకు కూడా పుట్టింట్లో, కుప్పంలో ఉండగానే ఈ పని వచ్చు. మా వీధిలో ఒక టీచరమ్మ బెంగళూరుకు రైల్లో పోయి నేర్చుకొచ్చి, ఇంటి వరండాలో కుర్చీ వేసి ఆడపిల్లలకు నేర్పేది. ఆమె దగ్గర కనుబొమలు తీయడం కన్నా ముందు లెక్క రాయడం నేర్చుకోవాలి. "సేతులు కడుక్కోకముందే రాసేయమ్మా. కడుక్కుంటే కాఫీ గుర్తొస్తాది, లెక్క గుర్తుకు రాదు," అనేది. అంగడి డబ్బుకు ఒక డబ్బా, ఇంటి డబ్బుకు ఇంకో డబ్బా. దారం ఉండ కొన్నా రాయాలి, అంగడి డబ్బాలోంచి కూరగాయలకు తీసినా రాయాలి. అలా పౌడరు చేతులతో, తడి చేతులతో రాసీ రాసీ నా పుస్తకాలు చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. బ్లీచింగు చుక్క పడ్డచోట ఇంకు వెలిసిపోయేది. పెళ్ళయ్యాక మా ఆయన సిగరెట్లకని డబ్బాలో చెయ్యి పెడితే అదీ రాసేదాన్ని. ఆ పేజీలకు భయపడే ఆయన సిగరెట్లు తగ్గించాడని నా నమ్మకం.

పెళ్ళైన రెండో ఏడు వదిన నాకు పుంగనూరులో అంగడి పెట్టించింది. బస్టాండు వెనక ఒక గది, తిరిగే కుర్చీ, నిలువుటద్దం, సామాన్లు, అన్నీ ఆమె పెట్టుబడి. పెట్టుబడి తీరిందాకా వచ్చినదాంట్లో సగం వారం వారం ఆమెకివ్వాలి, తీరినాక అంగడి నాది. అంతా నోటిమాటే. మంగళవారం జుట్టు జోలికి వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ రోజు గది మూసి, డబ్బూ పుస్తకమూ సంచిలో వేసుకుని మదనపల్లె బస్సెక్కేదాన్ని. వదిన ఇనుప బాణలిలో టీ డికాక్షను పోసి, మర్నాడు తలలకు పెట్టడానికి మైదాకు, అదే గోరింటపొడి, కలుపుతూ ఉండేది. ఆ పచ్చివాసనకు నాకు తలనొప్పి వచ్చేది. ఆమె చేతులైనా కడుక్కోకుండా నా పుస్తకం లాక్కుని, ఆ వారం పేజీ మీద బొటనవేలు ఆనించి వరసలన్నీ చదివి, డబ్బు లెక్కపెట్టి రవికలో దోపుకునేది. పుస్తకం పాడు చేస్తుందే అని బస్సులో కూర్చుని తిట్టుకునేదాన్ని. సంతకం పెట్టమని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఇంటి మనిషిని సంతకం అడిగితే ఇంకేమైనా ఉందా?

రెండేళ్ళకు నా అంగడి బాగా నడిచింది. పెళ్ళికూతుళ్ళ మేకప్పుకు బైరెడ్డిపల్లె నుంచి కూడా పిలిచేవాళ్ళు. ఒక మంగళవారం, "ఇంకో నెలకి నీ బాకీ తీరిపోతాది వదినా," అన్నాను. మైదాకు కలుపుతున్న చెయ్యి ఆగింది. ఆ ఆదివారమే పెద్దమామ ఇంట్లో పంచాయితీ పెట్టించింది. పెద్దమామ అంటే మా మామగారి అన్న, టమోటా మండీలో వ్యాపారం చేసేవాడు.

"ఇది నాకు ఒక్క రూపాయి ఇయ్యలేదు పెదనాయనా. రెండేండ్లు నా కుర్సీ మీద సంపాదించి తినింది. దొంగసెయ్యి దీనిది. అంగడి తాళం ఇప్పించు," అంది వదిన, పదిమంది చుట్టాల ముందు.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆ గది పోతే నాకు మళ్ళీ వంటిల్లే గతి. తాళం పోతుందన్న భయం కంటే ఆ దొంగసెయ్యి అన్న మాట నన్ను ఎక్కువ కాల్చింది. ఇప్పటికీ కాలుస్తూనే ఉంది. ఇచ్చినదంతా నా పుస్తకంలో ఉందన్నాను. "ఇంట్లో కూసోని రాసుకోనుంటాది. ఆ పుస్తకం నేను కండ్లతో కూడా సూల్లేదు," అంది. లెక్క చూపిద్దామని పుస్తకం తెరిచాను. తెరిచిన పేజీ చూసి, వెంటనే మూసేశాను.

"సేత్తో అయినా పట్టుకోలేదా వదినా?" అని నెమ్మదిగా అడిగాను.

"పట్టుకోలేదు."

"ఒక్కసారి కూడా?"

"నా బిడ్డ మీద ఒట్టు."

అప్పుడు పుస్తకం పెద్దమామ ఒళ్ళో పెట్టాను. ప్రతి మంగళవారం పేజీ మీదా మైదాకు బొటనవేలు ముద్ర, ఎర్రగా, గీతగీతా కనబడేట్టు ఉంది. ముద్రకు అడ్డంగా ఒక తెల్లటి చార. ఎప్పుడో కత్తెరకు తెగి వదిన వేలిమీద మిగిలిన మచ్చ అది. మండీలో రైతుల వేలిముద్రలు చూసీ చూసీ పండిపోయిన మనిషి పెద్దమామ. కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పాడు. "అమ్మీ, నీ బొటనేలు సూపీ," అన్నాడు. వదిన చెయ్యి కొంగులో దాచుకుంది.

అక్కడితో ఆపొచ్చు. నేను ఆపలేదు. "అన్నీ సూడండి మామా," అని తొంభై దాకా ఉన్న మంగళవారాలను ఒక్కొక్కటీ తిప్పించి, ఇచ్చినదెంతో గట్టిగా చదివాను. మధ్యలో వదిన ఏడ్చింది. నేను చదువుతూనే ఉన్నాను. అంగడి నాదని కాగితం రాసి ఆమె సంతకం పెడితే, "ఏలిముద్ర కూడా ఎయ్యమనండి," అన్నాను. తర్వాత కొన్నేళ్ళకు కుప్పంలో ఆమె కూతురి పెళ్ళి జరిగితే పెళ్ళికూతురి మేకప్పు నేనే చేసి, విడిదింట్లో అందరూ చూస్తుండగా బిల్లు చేతిలో పెట్టాను. డబ్బు తీసుకుని రసీదు కూడా ఇచ్చాను.

మొన్న వదిన మా ఇంటికి వచ్చింది. "ఏదన్నా క్రీముంటే రాయమ్మే, గీతలు తేల్తాయేమో," అని చేతులు చాపింది. అరగంట మర్దన చేశాను. ఆ చార తప్ప బొటనవేలంతా గాజుముక్కలా నున్నగా ఉంది. చేతులు కడుక్కోకముందే పుస్తకంలో రాసి, క్రీము డబ్బులు అడిగి తీసుకున్నాను.

ఆమె నా రాతనే చూస్తూ, "ఆ పాత పుస్తకం ఇంకా ఉండాదా?" అంది.

"ఉండాది వదినా."

ఆమె వేలి మీద గీతలన్నీ కాలం తుడిచేసింది. నా పుస్తకంలోవి తుడవడానికి మాత్రం అది నన్ను దాటుకుని రావాలి.