ఎదురుకొట్టు ఉస్తాద్ చుక్కల లెక్క

ఇది రాయకపోయినా కొంప మునగదనుకున్నాను. కలం రెండుసార్లు మూసిపెట్టాను కూడా. రాంగోపాల్‌పేట్‌లో నా కొట్టుకు ఎదురుగా ఇరవై ఏళ్లు ఫొటోలు అచ్చువేసిన ఉస్తాద్ మొన్న శుక్రవారం పోయాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. పోవడంలోనూ నన్ను దాటేశాడు.

మా ఇద్దరిదీ పల్లాడియం పని. ఇనుప మందు, పల్లాడియం మందు చుక్కల లెక్కన కలిపి, కుంచెతో కాగితానికి పూసి, ఆరాక నెగటివ్ ప్లేటు పెట్టి ఎండ చూపిస్తాం. ప్లేటు పలచనైతే నలుపూ తెలుపూ విడగొట్టడానికి క్లోరేటు చుక్కలు కలుపుతాం. ఎన్ని చుక్కలన్నదే విద్య. నేను సీసాల మీది చీటీలు చదివి నేర్చుకున్నవాణ్ణి. ఆయన ఎక్కడ నేర్చాడో చెప్పేవాడు కాదు. పూత ఆరేదాకా సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ కూర్చునేవాడు. ఆ ఊదడం చూడటానికి కూడా గిరాకీ వరస కట్టేది. నా కొట్లో కుర్చీ ఖాళీగా ఉండేది.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య నాటికి బొంబాయి సరుకు ఆగి నెలలైంది. నా పల్లాడియం సీసా అడుగంటింది. సైన్యం వచ్చిన వారంలోనే బోయిన్‌పల్లి నుంచి ఒకావిడ గాజు ప్లేటు తెచ్చింది. ఆ గొడవల్లో పోయిన భర్తది. ఆయనది ఇంకో బొమ్మ లేదు. ప్లేటేమో నీళ్ల మజ్జిగ.

ముందు నా కొట్టుకే వచ్చిందన్న సంబరం నాది. అంతకు కొన్నాళ్ల ముందు ఇలాంటి ప్లేటుకే ఉస్తాద్ ఆరు క్లోరేటు చుక్కలు వేయడం కిటికీలోంచి లెక్కపెట్టి ఉన్నాను. నేనూ ఆరు వేశాను. ముసురు కదా అని కాగితాన్ని కుంపటి మీద అప్పడంలా ఎండబెట్టాను. మూడు కాగితాలు పూశాను. మూడింటిలోనూ పాపం ఆ మనిషి మొహాన అమ్మవారు పోసినట్టు మచ్చలు. సీసా ఖాళీ.

ప్లేటూ, పాడైన కాగితం ఒకటీ పట్టుకుని వీధి దాటాను. పదడుగుల వీధి, బేగంపేట దాకా నడిచినట్టుంది. ఉస్తాద్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి చెంపకు ఆనించుకున్నాడు.

"చుక్కలు మంచిగనే లెక్కవెట్టినవన్నా. కాగితాన్నే అడగలే. గింత ఎండవెడితే మందు యాడ పట్టుకుంటది?"

కిటికీ సంగతి తెలుసన్నమాట.

ఆయన సీసాలోనూ మిగిలింది ఒక్క పూతకే. క్లోరేటు రెండు చుక్కలకు తగ్గించాడు. పూసిన కాగితాన్ని తడి కూజా పక్కన ఉంచి, చెంపకు ఆనించి చెమ్మ చూసి, మళ్లీ ఉంచి, అప్పుడు ప్లేటు పెట్టాడు. మబ్బు విడిచినప్పుడల్లా వాకిట్లోకి తెచ్చాడు. కడిగేసరికి ఆ మనిషి కనుపాప నల్లగా తేలింది. అంత నలుపు నా చేతిలో ఏనాడూ పుట్టలేదు. కడుపు మండింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది.

ఆవిడ వచ్చి బొమ్మను కొంగులో చుట్టుకుని, ఎవరు చేశారని అడిగింది.

"మా అన్ననే జేసిండమ్మా," అన్నాడు ఉస్తాద్.

నేను కాదనలేదు. ఆవిడ నాకు దండం పెట్టింది. ఆ దండం నాకు ఈనాటికీ అరగలేదు. తిట్టుకునే వీలు కూడా లేకుండా చేసి పోయాడు మహానుభావుడు. అప్పటినుంచి నేనూ కాగితాన్ని చెంపకు ఆనించాకే పని మొదలుపెడుతున్నాను, కిటికీ మూసుకుని.

శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. చాప మీద చోటు లేదు. ఆయన బావమరిది నన్నెరగడు. "మీరు ఉస్తాద్ తాన పని నేర్సుకున్నరా?" అని అడిగాడు. అవునన్నాను. పక్కవాళ్లను జరగమన్నాడు. కూర్చున్నాను.