వాలు నేల మీద ఫిల్టర్ కాఫీ

ట్రావెల్ ట్రైలర్ అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, బాత్రూమ్ అన్నీ అందులోనే. నా స్నేహితుడు మురళి కూతురు సాహితికి చిన్నప్పటి నుంచీ దాని మీద మోజు. ఫ్రీవే మీద ఒకటి కనిపిస్తే చాలు, వెనక సీట్లోంచి మెడ చాచి, "నాన్నా, మనం ఎప్పుడు కొంటాం?" అనేది. "గ్రీన్ కార్డ్ రానీ అమ్మా" అనేవాడు వాడు. ఇల్లు కొనడం గ్రీన్ కార్డ్ వచ్చాక. కుక్కపిల్ల గ్రీన్ కార్డ్ వచ్చాక. కార్డ్ రాలేదు. సాహితికి మాత్రం ఈ నవంబర్‌లో ఇరవై ఒకటి నిండుతాయి. నిండిన రోజు నుంచి తండ్రి వీసా మీద ఈ దేశంలో ఉండే హక్కు ఆ పిల్లకి ఉండదు. మూడేళ్ళ వయసులో వచ్చి, అక్షరాలు ఇక్కడే దిద్దుకుని, శాంటా క్లారా తప్ప వేరే ఊరు తెలియని పిల్లని చట్టం ఒక పుట్టినరోజు చూసి బయటికి పొమ్మంటుంది. వాంకూవర్‌లో ఒక కాలేజీలో సీటు దొరికింది. జనవరిలో ప్రయాణం. అందుకని, కొనడానికి కుదరని ట్రైలర్‌ని మురళి రెండు రాత్రులకి అద్దెకి తీసుకున్నాడు. వాడి భార్య పద్మకి ఆ వారం ఆఫీసులో ఆన్-కాల్ డ్యూటీ. మూడో మంచానికి నన్ను పిలిచారు.

నన్ను పిలిచింది నిజానికి సాహితి. ట్రిప్ తర్వాతి శనివారం మా ప్రాంత ప్రజాప్రతినిధి ఆఫీసు వాళ్ళు లైబ్రరీలో ఒక సమావేశం పెడుతున్నారు. ఇలాంటి పిల్లలు వచ్చి తమ పరిస్థితి చెప్పుకోవచ్చు. సాహితి మాట్లాడతానంది. మురళి వద్దన్నాడు. "మన అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. పేరు బయటికొస్తే ఏమవుతుందో ఎవడికి తెలుసు?" అన్నాడట. "రఘు అంకుల్, మీరు చెప్తే నాన్న వింటాడు. ట్రిప్‌లో మాట్లాడండి ప్లీజ్" అని ఆ పిల్ల ఫోన్ చేసింది. నేను మాటిచ్చాను. వాదించడం నాకు కొత్త కాదు. ఈ బ్లాగు చదివేవాళ్ళకి అది వేరే చెప్పక్కర్లేదు.

సెప్టెంబర్ చివరి శుక్రవారం, ఉదయం పదింటికి బయల్దేరాం. శాంటా క్లారా నుంచి 680 నంబర్ ఫ్రీవే మీద ఉత్తరానికి వెళ్ళి, 80, 505 దాటి ఐదో నంబర్ ఫ్రీవే పట్టుకుంటే రెడింగ్ దాకా తిన్నటి దారే. అక్కడి నుంచి 44 మీద తూర్పుకి, లాసెన్ కొండల్లోకి. మామూలు కారులో ఐదు గంటలు. వెనక ట్రైలర్ ఉంటే ఏడు వేసుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి యాభై అయిదు మైళ్ళు దాటకూడదు, కుడి లేన్ వదలకూడదు. మురళి ఒక్కసారి కూడా యాభై నాలుగు దాటలేదు. వెనకనుంచి లారీలు హారన్ కొడుతున్నాయి. "ఒక్క ట్రాఫిక్ టికెట్ కూడా లేదురా నా రికార్డ్ మీద, ఇన్నేళ్ళలో" అన్నాడు. "ఆ రికార్డ్ చూసి ఏమిచ్చార్రా నీకు?" అన్నాను. వెనక సీట్లోంచి సాహితి నా భుజం గిల్లింది. ఇప్పుడే కాదని అర్థం. అద్దె రోజుకి నూట యాభై డాలర్ల పైమాటే. పెట్రోల్ మామూలుకి దాదాపు రెట్టింపు తాగుతుంది. లెక్కలో వేసుకోండి.

రెడింగ్ దాటాక ఎండ పోయి మబ్బు పట్టింది. కొండ ఎక్కుతుంటే రోడ్డుకి ఒక పక్క కాలిపోయిన అడవి. చెట్లు నిలబడే ఉన్నాయి, ఒక్క ఆకు లేదు. క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి ఆరు దాటింది, సన్నగా వాన. ఇక్కడ కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఉండవు. దీపాలకి బ్యాటరీ, పొయ్యికి ప్రొపేన్ గ్యాస్. జనరేటర్‌కి కూడా టైమింగ్స్ ఉన్నాయి, కాబట్టి ఎలక్ట్రిక్ కెటిల్ ఇంట్లోనే వదిలేయండి. ట్రైలర్‌ని చోటులోకి వెనక్కి పెట్టడానికే మురళికి చెమటలు పట్టాయి. ట్రైలర్ పక్కనున్న చిన్న అరలో పసుపు పచ్చ ప్లాస్టిక్ దిమ్మెలు కనిపించాయి. "ఇవేంటి నాన్నా?" అంది సాహితి. "ఏవో. వానలో తడవకు, లోపలికి రా" అన్నాడు వాడు.

లోపలికెళ్ళగానే వాడు చేసిన మొదటి పని ఫిల్టర్ బయటికి తీయడం. మురళిది ఒంగోలు. డికాక్షన్ రాత్రే వేసి పడుకోవాలి, పొద్దున్న లేచేసరికి కింది గిన్నె నిండాలి, అది వాళ్ళింట్లో దీపం పెట్టినంత నియమం. స్టీలు ఫిల్టర్, చికోరీ కలిపిన పొడి, రెండు గ్లాసు డవరాలు బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. నీళ్ళు మరిగించి, పొడి వేసి, దాని మీద చిల్లుల బిళ్ళ గొడుగు పెట్టి నొక్కి, పోసి, మూత పెట్టి పడుకున్నాడు. పొద్దున్న చూస్తే కింద ఉన్నది డికాక్షన్ కాదు, పిల్ల కాలువ నీళ్ళు. పాలు కలిపితే ఇంత లేత రంగు. తాగితే వేడి పాలు తాగినట్టే ఉంది.

"పొడి మారిందిరా. ఆ షాపువాడు మోసం చేశాడు" అన్నాడు మురళి.

"ఎత్తు. దాదాపు ఆరు వేల అడుగులు. నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి" అన్నాను.

"టేస్ట్ పైప్‌లా ఉంది" అంది సాహితి.

పొడి సంగతి ఎలా ఉన్నా, మా ఇద్దరి మాటల్లోనూ కొంచెం నిజం ఉంది. ట్రైలర్ ట్యాంకు నీళ్ళకి ప్లాస్టిక్ వాసన ఉంటుంది, కాఫీకి వేరే క్యాన్ తెచ్చుకోండి. కొండ మీద నీళ్ళు మరిగిన క్షణమే పోయాలి, ఇంట్లోలా చల్లారనివ్వకూడదు. చలికి స్టీలు చప్పున చల్లబడుతుంది, ఫిల్టర్‌ని ముందు వేడినీళ్ళతో కడిగి, తువ్వాలు చుట్టండి.

పక్క చోటులో ఒకావిడ కాఫీ కాచుకుంటోంది. పేరు డెబ్బీ, స్కూల్ బస్ నడిపి రిటైర్ అయిందట. మా ముఖాలు చూసి కప్పు నిండా పోసి ఇచ్చింది. మంచి మనిషి. సాహితి వాంకూవర్ వెళ్తోందని తెలిసి, "అదృష్టవంతురాలివి, నేనూ వెళ్ళిపోదును!" అంది.

"నాకు వెళ్ళాలని లేదు. వెళ్ళాలి, అంతే" అంది సాహితి.

"అదేమిటి? మీ నాన్న సరైన దారిలోనే వచ్చాడు కదా?"

"అవును."

"మరి సమస్య ఏమిటి?"

ఆవిడ నిజంగానే అడిగింది. వెటకారం లేదు. ఈ దేశంలో చాలామందికి తెలియదు, సరైన దారిలో వచ్చినవాళ్ళ లైను జీవితకాలం దాటి ఉందనీ, ఏ దేశంలో పుట్టావన్నదాన్ని బట్టి ఆ లైను పొడవు మారుతుందనీ. ఎలా తెలుస్తుంది? చెప్పాల్సినవాళ్ళం మనం నోరు మూసుకుని కూర్చున్నాం. పొట్లక్ భోజనాలకి వెళ్తాం, గుడికి విరాళాలిస్తాం, మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలో గెలిస్తే ఫొటోలు పెడతాం. పక్కింటి పిల్లని పంపించేస్తుంటే మాత్రం "మనకెందుకు పాలిటిక్స్" అంటాం. పాలిటిక్స్ మన వంటగదిలోకి వచ్చి కూర్చున్నాక కూడా ఇదే మాట. డెబ్బీకి అదంతా చెబుదామని నేను నోరు తెరిచేలోపే మురళి, "ఏం సమస్య లేదండీ, మంచి కాలేజీ" అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం సరస్సు చుట్టూ నడిచాం. మేఘాలు కొండని పూర్తిగా మింగేశాయి, చూడ్డానికి ఏమీ లేదు. సాహితి ముందు నడుస్తోంది. నేను మొదలుపెట్టాను. మెల్లగానే మొదలుపెట్టాను. కానీ మనం అనుకున్నట్టు జరగదు కదా.

"ఎవరికి భయపడుతున్నావ్‌రా? ఆ పిల్ల చెప్పేది నిజమే కదా?"

"నీకేం రఘూ, నువ్వు సిటిజన్‌వి. అరుస్తావ్. ఇంటికెళ్ళి పడుకుంటావ్."

"నేను నీకన్నా గొప్పోణ్ణని వచ్చిందారా నాకు కార్డ్? ఒకే ఏడు దిగినం. మా కంపెనీ ముందు ఫైల్ చేసింది, మీది నాన్చింది. గంతే తేడా."

"అందుకే చెప్తున్నా. ఇంకొంచెం ఓపిక పడితే..."

"దేనికిరా ఓపిక? నవంబర్‌లో గడువు అయిపోతుంది!"

గొంతు పెరిగింది. ముందు వెళ్తున్న సాహితి ఆగి, వెనక్కి తిరిగి, మమ్మల్నిద్దర్నీ చూసింది. "ఇది నా ట్రిప్" అంది. అంతే, మళ్ళీ నడక మొదలుపెట్టింది. సాయంత్రం వరకూ ముగ్గురి మధ్యా పులిహోర డబ్బా తప్ప ఏమీ చేతులు మారలేదు.

పడుకోబోయే ముందు మురళి మళ్ళీ ఫిల్టర్ తీశాడు. ఈసారి క్యాన్ నీళ్ళు, ఒకటికి రెండింతలు పొడి. గొడుగుని బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాడు. "ఎట్లా దిగదో చూస్తా" అన్నాడు. పొద్దున్నకి నిన్నటికన్నా అన్యాయం. కింద నాలుగు చెంచాలు, అదీ పలచన. పైన నీళ్ళు అలాగే నిలిచి ఉన్నాయి. మురళి ఫిల్టర్‌ని సింకులో పెట్టేసి బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. వాడి భుజాలు చూస్తే అది కాఫీ గురించి కాదని తెలుస్తూనే ఉంది.

సాహితి ఫిల్టర్ తీసి, నీళ్ళు ఒంపి, గొడుగు ఎత్తి చూసింది. "అంకుల్, చూడండి." పొడి ఒక పక్క బురదలా జారి, అంచున సన్నటి దారి పడింది. రెండో పక్క నెలవంకంత మేర పొడి పొడిగానే ఉంది, తడవనే లేదు. ఆ పిల్ల ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి వంటగట్టు మీద పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికెళ్ళింది.

"నాన్నా, పౌడర్‌ది ఫాల్ట్ కాదు. మన ట్రైలర్ ఒంగి ఉంది. నువ్వు ఎంత వేసినా, ఎంత ప్రెస్ చేసినా, నీళ్ళు అటే పోతాయి."

మురళి లేచి లోపలికి వచ్చి, ఫిల్టర్‌లో తడవని ఆ పక్కని వేలితో తాకి చూశాడు. నేను వెళ్ళి బయటి అర తెరిచాను.

తర్వాత పసుపు దిమ్మెలు బయటికొచ్చాయి. అవి ఎందుకో అప్పుడు తెలిసింది. పల్లం పక్క ట్రైలర్ చక్రాల ముందు వాటిని మెట్లలా పరిచి, బండిని మెల్లగా ముందుకి తీసి చక్రాలని వాటి మీదికి ఎక్కించాలి. ట్రైలర్‌ని బండి నుంచి విప్పక ముందే చేయాల్సిన పని. బద్ధకించి మేం విప్పనే లేదు కాబట్టి సరిపోయింది. మురళి స్టీరింగ్ దగ్గర, సాహితి లోపల ఫోన్ పట్టుకుని, నేను బయట. "ఇంకొంచెం నాన్నా... ఇంకా... స్టాప్!" డెబ్బీ తన కుర్చీలోంచే చప్పట్లు కొట్టింది.

మామూలంత పొడి, మామూలుగా నొక్కి, మరుగుతున్న నీళ్ళు పోశాం. అరగంటలో డికాక్షన్ దిగింది, నల్లగా, చిక్కగా. పాలు పొంగించి కలిపి మురళి పైనుంచి కిందికి తిరగబోస్తుంటే ట్రైలరంతా ఆ వాసన. డెబ్బీకి ఒక గ్లాసు పంపాం. మిగతాది మెట్ల మీద కూర్చుని తాగాం. వాన మళ్ళీ మొదలైంది. సగం గ్లాసు తాగాక మురళి, ఎవరి వైపూ చూడకుండా, "శనివారం ఎన్నింటికి?" అన్నాడు.

"పదకొండు" అంది సాహితి.

"నేనూ వస్తా. వెనక కూర్చుంటా."

"వెనకెందుకు?"

వాడు కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాడు. "సరే. ముందు వరసలోనే" అన్నాడు.

ఆ శనివారం లైబ్రరీలో సాహితి మూడు నిమిషాలు మాట్లాడింది, తన పూర్తి పేరు చెప్పి. మురళి మొదటి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆఫీసు తరఫున వచ్చిన కుర్రాడు ఆ పేరుని రెండుసార్లు తప్పుగా పలికి, ధన్యవాదాలు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఏమీ మారలేదు. నవంబర్ వస్తోంది, జనవరీ వస్తుంది. ఒక మంచి కాఫీతో చట్టం మారుతుందని నేను చెప్పను, అలాంటి కథలంటే నాకు చిరాకు. కానీ ఇన్నేళ్ళుగా మురళి, వాడిలాంటి వేలమంది, ఇంకొంచెం పొడి వేసి ఇంకొంచెం గట్టిగా నొక్కుతూ వచ్చారు. దిగకపోతే తప్పు తమదే అనుకున్నారు. అలా అనుకునేలా చేసినవాళ్ళ మీద నా కోపం ఇంచు కూడా తగ్గలేదు. తగ్గదు కూడా.

మీరు ట్రైలర్‌లో వెళ్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎంత వానైనా, ఎంత అలసటైనా, ఫిల్టర్ బయటికి తీసే ముందు వంటగట్టు మీద ఒక గ్లాసు నిండా నీళ్ళు పెట్టి చూడండి. నీళ్ళు ఒక అంచుకి చేరుతుంటే దిగి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి, ముందు నేలని సరిచేయండి. పొడి మాట ఆ తర్వాత.